పర్చేజ్ ఆర్డర్‌లో కనిపించని పచ్చదనం

సోమవారం ఉదయం విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లు గేటుకు కాగితం అంటించారు. ముడిసరుకు కొరత, ఆర్డర్లు లేవు, ఖర్చులు పెరిగాయి, కాబట్టి మళ్లీ తెలియజేసే వరకు లాకౌట్ అని అందులో ఉంది. మొదటి షిఫ్టుకు క్యారేజీలతో వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగిపోయారు. కళ్లజోడు తెచ్చుకోని ఒక పెద్దాయన పక్కనున్న కుర్రాడి చేత ఆ నోటీసు రెండుసార్లు చదివించుకున్నాడు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తేదీ ఏమైనా వేశారా అని అడిగాడు. వేయలేదు.

అదే మధ్యాహ్నం మా ఆఫీసుకు ఒక పెద్ద కంపెనీ నుంచి సస్టైనబిలిటీ రిపోర్టు, అంటే పర్యావరణానికి తాము ఏం చేస్తున్నామో చెప్పుకునే వార్షిక నివేదిక, కొరియర్‌లో వచ్చింది. మందపాటి కాగితం, పేజీ పేజీకీ పచ్చని ఫొటోలు. వ్యాపారాన్ని మూలాల నుంచి మార్చుకుంటున్నామని, ఇకపై ప్రతి నిర్ణయంలోనూ పర్యావరణానికే మొదటి స్థానమని ఛైర్మన్ సంతకంతో రాశారు. ఆ కంపెనీ సరుకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చేరని ఊరు లేదు. అది చేరేది మాత్రం ప్లాస్టిక్ గోతాల్లో.

ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాక ఈ సంపాదకీయం రాయకుండా ఉండలేకపోయాం. కంపెనీ నిజంగా మారిందో లేదో సస్టైనబిలిటీ రిపోర్టు చెప్పదు, పర్చేజ్ డిపార్టుమెంటు చెబుతుంది. ఏం కొంటున్నారు, ఎవరి దగ్గర కొంటున్నారు, ఎంత దూరం నుంచి తెప్పిస్తున్నారు అన్నవి మారకుండా మిగతావన్నీ మారినా ఏమీ మారనట్టే.

నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం, కొత్తవలస. ఈ ఊళ్లలో జూట్ మిల్లు సైరన్ విని గడియారం సరిచేసుకున్న తరం ఇంకా బతికే ఉంది. మెట్ట పొలంలో జూట్‌లాగే నార ఇచ్చే గోగు వేసి, నాలుగైదు నెలలకు కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరబెట్టి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార తీసిన రైతులు ఈ జిల్లాల నిండా ఉండేవారు. ఆ పని చేసిన చేతుల వాసన వారం రోజులైనా పోయేది కాదు. ఆ నారతోనే ఇంటి ఖర్చులు వెళ్లేవి, పిల్లల చదువులు సాగేవి. గోగు మీద పరిశోధన చేసే కేంద్రం ఇప్పటికీ ఆమదాలవలసలో ఉంది. కొత్త రకాలూ ఇచ్చింది. పంట మాత్రం ఏటేటా తగ్గిపోయింది. ఇవాళ ఇక్కడి మిల్లులు నార కోసం బెంగాల్ వైపు చూస్తున్నాయి.

ఇది తనంతట తాను జరిగింది కాదు. ప్లాస్టిక్ గోతాల దెబ్బకు నార రైతు, మిల్లు కార్మికుడు పోతారన్న భయంతోనే 1987లో పార్లమెంటు జూట్ ప్యాకింగ్ తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. సిమెంటు కంపెనీలు కోర్టుకెక్కాయి. చట్టం చెల్లుతుందని 1996లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కోర్టులో ఓడిపోయిన సిమెంటు ఆ తర్వాత తప్పనిసరి జాబితా నుంచి బయటపడింది, ఎరువులూ బయటపడ్డాయి. చివరికి ఆహారధాన్యాలు మొత్తం, చక్కెరలో 20 శాతం మాత్రమే మిగిలాయి. ఆ రోజు చట్టం నుంచి తప్పించుకోవడానికి అంత పోరాడిన రంగాలే ఈ రోజు పర్యావరణం గురించి పాఠాలు చెబుతుంటే వినే ఓపిక మాకు లేదు.

ఖర్చు సంగతీ, తేమ సంగతీ మాకు తెలియనివి కావు. గోనె సంచి ఖరీదు ఎక్కువ, సిమెంటు లాంటి వాటికి అది సరిపడదు, ముడి జూట్ ధర నిలకడగా ఉండదు అని కంపెనీలు చెప్పే మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆ మాట రిపోర్టులో ఎందుకు రాయరు? ‘ఖర్చు ఎక్కువని మేం ప్లాస్టిక్కే వాడుతున్నాం’ అని ఒక్క వాక్యం నిజాయితీగా రాస్తే మేం ఇంత కోపంగా ఉండేవాళ్లం కాదు.

సంచి మార్చడం కష్టమనే వాదనకు మన వంటింట్లోనే జవాబు ఉంది. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ అని 2022 జులై 18 నుంచి అమలు చేశారు. ఏం జరిగిందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. కొద్ది రోజుల్లోనే కిరాణా కొట్లలోకి 26 కిలోల బస్తా వచ్చేసింది. కొత్త సైజు, కొత్త ప్రింటింగ్, కొత్త తూకం, అన్నీ చకచకా జరిగిపోయాయి. పన్ను తప్పించుకోవడానికి కొన్ని రోజుల్లో సంచిని మార్చగలిగినవాళ్లు, పర్యావరణం కోసం మార్చమంటే 2040 అనీ 2050 అనీ గడువులు పెట్టుకుంటారు. మార్పు చేతకాక కాదు, చేయాలని లేక.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. స్టాక్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతపై ఏటా వివరాలు ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో ఒక ఫార్మాట్ తెచ్చింది. 2022-23 నుంచి మొదటి వెయ్యి కంపెనీలకు అది తప్పనిసరి. మొదటి ఫార్మాట్‌లో ఒక మంచి ప్రశ్న ఉండేది. మీరు కొనే సరుకులో ఎంత శాతం మీ జిల్లా నుంచి, పక్క జిల్లాల నుంచి తీసుకున్నారు అని. 2023లో దాన్ని సవరించారు. జిల్లా పోయింది, పక్క జిల్లా పోయింది, దేశంలో ఎంత కొన్నారు అన్నది మాత్రం మిగిలింది. ఒక గడిలో రెండు మాటలు మారితే ఏమవుతుందని ముంబైలో కూర్చున్నవాళ్లకు అనిపించవచ్చు. రాజాం మిల్లు దగ్గర నిలబడి చూస్తే ఆ రెండు మాటల్లోనే మన బతుకు ఉంది. విశాఖ దగ్గర్లో ఫ్యాక్టరీ నడిపే కంపెనీ పక్క జిల్లా జూట్ మిల్లుకు ఒక్క ఆర్డర్ ఇవ్వకపోయినా, ఎక్కడో గుజరాత్ నుంచి ప్లాస్టిక్ గోతాలు తెప్పించుకున్నా ఆ గడిలో మంచి అంకే పడుతుంది. ఇలా ప్రశ్నలనే వదులు చేసుకుంటూ పోతే రేపు ఏ కంపెనీ అయినా ఏ రిపోర్టు అయినా రాసుకోవచ్చు.

ఇక ప్లాస్టిక్ నియమాల సంగతి. ప్యాకింగ్‌కు వాడిన ప్లాస్టిక్‌ను వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత కంపెనీలదేనని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన పెట్టింది. దానికి రీసైకిల్ చేసేవాళ్ల దగ్గర సర్టిఫికెట్ కొనుక్కుంటే సరిపోతుంది. ఆ సర్టిఫికెట్లలో నకిలీలు లక్షల్లో ఉన్నట్టు 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లోనే తేలింది. మరోవైపు 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లేట్లు, స్పూన్లు నిషేధించారు. టిఫిన్ బండి నడిపే అమ్మ దగ్గర ప్లేట్లు లాక్కుని ఫైన్ వేస్తారు. లారీల కొద్దీ గోతాలు దించే కంపెనీకి ఏ అడ్డూ లేదు.

మిల్లు యజమానులను కూడా మేం వదలడం లేదు. దశాబ్దాల నాటి మగ్గాలు, సర్కారు సంచుల ఆర్డర్ తప్ప మరో ఆలోచన లేని వ్యాపారం. కాఫీ, కోకో గింజలకు మినరల్ ఆయిల్ వాసన తగలని ఫుడ్‌గ్రేడ్ గోనె సంచులు కావాలి. వాటికి తవుడు నూనె లాంటి వంటనూనె వాడతారు. అరకు కాఫీ ఇక్కడికి దగ్గరే, రైసు మిల్లులు మన చుట్టూ ఉన్నాయి. రోడ్ల కింద వేసే జూట్ వస్త్రం ఉంది, షాపింగ్ బ్యాగులు ఉన్నాయి. నిజమైన మార్పు అంటే అటు వెళ్లడం. దానికి బదులు మన మిల్లుల్లో నడుస్తున్నది లాకౌట్. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం లాకౌట్‌కు 14 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. తెల్లారేసరికి గేటుకు కాగితం అంటించడం నోటీసు ఎలా అవుతుంది? 300 మంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీని మూసేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, పరిహారం ఇవ్వాలి. తేదీ లేని లాకౌట్‌తో ఆ రెండూ తప్పించుకోవచ్చు. కార్మిక శాఖ అధికారులకు ఇది తెలియదా?

రాష్ట్ర ప్రభుత్వం కూడా తన వంతు చూసుకోవాలి. ప్రతి ధాన్యం సీజన్‌లోనూ మనం చూసే దృశ్యం ఇదే. కల్లంలో ధాన్యం రాశి పోసి, పైన టార్పాలిన్ కప్పి, ఆకాశం మబ్బు పట్టిందంటే గుండె చేత్తో పట్టుకుని రైతు గోనె సంచుల కోసం ఎదురుచూస్తాడు. సంచులు లేవు, ఇండెంట్ పెట్టాం, కోల్‌కతా నుంచి రావాలి అని సమాధానం వస్తుంది. ఆ కల్లానికి కూతవేటు దూరంలో సంచులు నేసే మిల్లుకు తాళం వేసి ఉంటుంది. ముందుచూపుతో సీజన్‌కు నాలుగు నెలల ముందే కోల్‌కతాలోని జూట్ కమిషనర్‌తో మాట్లాడి, స్థానిక మిల్లులకు ఆర్డర్ ఖాయం చేయించుకోవడం అంత కష్టమైన పనేమీ కాదు.

కంపెనీలకు మా మాట ఒక్కటే. వచ్చే ఏడాది మాకు రిపోర్టు పంపేటప్పుడు ఛైర్మన్ సందేశం అక్కర్లేదు, మొక్కలు నాటిన ఫొటోలూ అక్కర్లేదు. ఈ రెండు జిల్లాల్లో మీరు అమ్మిన సరుకు ఎన్ని సంచుల్లో వచ్చింది, వాటిలో గోనె ఎన్ని, ప్లాస్టిక్ ఎన్ని, ఏ ఊరి మిల్లు దగ్గర కొన్నారు అన్నది ఒక పేజీలో తెలుగులో రాసి పంపండి. అంకెలు ఉన్నదున్నట్టు మొదటి పేజీలో వేస్తాం. ఆ ఒక్క పేజీ రాయడానికి సిగ్గుపడితే, ఆ పచ్చని పుస్తకం అచ్చు వేసే కాగితమైనా మిగిల్చండి.