పోపులపెట్టె పక్కన క్యాన్సర్ మందు సీసా

మొన్న ఆదివారం పప్పులో పోపు పెడదామని ఆవాలడిగితే అమ్మ ఓ తెల్ల ప్లాస్టిక్ సీసా చేతిలో పెట్టింది. లేబుల్ చింపేసింది కానీ, ఆ సీసాని నేను గుర్తుపట్టనా ఏంటి. నాన్న ప్రొస్టేట్ క్యాన్సర్ మాత్రలది. అబిరాటిరోన్. 250 మిల్లీగ్రాములవి రోజుకు నాలుగు, పరగడుపున. సీసాకు 120, అంటే నెలకో ఖాళీ సీసా. గట్టి ప్లాస్టిక్, బిగుతు మూత. అలాంటిది దొరికితే మా అమ్మ పారేస్తుందా!

"కడిగే పోశాను రా" అంది. అటక మీద ఇంకో నాలుగు దాచింది. ఒకదాని మూత తీసి చూస్తే అడుగున సున్నంలాంటి పొడి. పూత లేని మాత్రలు నెల రోజులు ఒకదానికొకటి రాసుకుంటే రాలక ఏమవుతుంది?

గర్భిణులు గ్లౌజులు లేకుండా ఈ మాత్ర ముట్టుకోకూడదని మందు కాగితంలో ఉంటుంది. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. మా చెల్లికి ఏడో నెల. సీమంతానికి వచ్చి వారం నుంచి ఆ వంటింట్లోనే ఉంది.

అమ్మని ఏమీ అనలేదు. అనాల్సింది వేరేవాళ్లని. డాక్టరు గారు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మూడుసార్లు చెప్పారు, సీసా సంగతి ఒక్కసారీ చెప్పలేదు. నెలనెలా వేలకు వేలు తీసుకునే మందుల షాపతన్ని అడిగితే "ఖాళీ సీసాలు మేమేం చేసుకుంటాం సార్, చెత్తబండిలో వేసేయండి" అన్నాడు.

ఆస్పత్రిలో కీమో మందు సీసాకైతే ఎంత మర్యాదో! అది ఖాళీ అయినా పసుపు సంచిలోకే పోవాలి, 1200 డిగ్రీల పైన కాల్చాలి అని ఆస్పత్రి వ్యర్థాల మీద 2016 నిబంధనలు. నాన్నది కీమో కాదు, హార్మోన్ల మీద పనిచేసే మందు, సరే. కానీ కెపసిటబీన్ లాంటి అసలు కీమో మాత్రలే జనం ఇళ్లలో వేసుకుంటున్నారు. ఆ ఖాళీ స్ట్రిప్పులు ఎక్కడికి పోతున్నాయి? చెత్త ఏరే ఆడవాళ్ల చేతుల్లోకి. వాళ్లకెవరిచ్చారు గ్లౌజులు?

ఇళ్లలో మిగిలిన మందుల గురించి రూల్ లేదనుకోకండి. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు గడువు తీరిన మందుల్ని ఇంటి ప్రమాదకర చెత్త అన్నాయి. 20 చదరపు కిలోమీటర్లకో సేకరణ కేంద్రం పెట్టమన్నాయి. మా వార్డు ఆఫీసులో అడిగితే, అక్కడున్నాయన నన్ను పైనుంచి కిందికి చూసి "తడి చెత్తా, పొడి చెత్తా?" అన్నాడు.

కడిగేస్తే పోతుందిగా అంటారా? కడిగిన నీళ్లు సింకులోంచి మురుక్కాలవలోకే పోతాయి. మురుగు శుద్ధి కేంద్రాలు మందుల్ని పట్టి ఆపడానికి కట్టినవి కావు. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. దాని ముందు నా సీసా చుక్కే, ఒప్పుకుంటా. అలాగని ఆ చుక్క నేనెందుకు కలపాలి?

ప్రస్తుతానికి కడగడం మానేశాం. మూత బిగించి, టేపు చుట్టి, మందపాటి కవర్లో వేసి బాల్కనీలో పెడుతున్నాం. పాత సామాన్లవాడికి ఇవ్వం. పనామె తన పిల్లల పెన్సిళ్లకని ఒకటి పట్టుకెళ్లింది, అది వెనక్కి అడిగే ధైర్యం చాలక కొత్త డబ్బా కొనిచ్చి మార్చుకున్నాను.

ఆవాలు పారబోయమంటే అమ్మకు ప్రాణం ఒప్పలేదు. అరకిలో అట. కవర్లో ఇప్పుడు ఆరు సీసాలున్నాయి, ఐదో తారీఖుకి ఏడోది ఖాళీ అవుతుంది.