ఆండ్రెస్ ఎస్కోబార్‌ను చంపింది అభిమానులు కాదు

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వచ్చిన ప్రతిసారీ ఒక కథ మళ్ళీ చక్కర్లు కొడుతుంది. కొలంబియా డిఫెండర్ ఆండ్రెస్ ఎస్కోబార్ 1994లో సెల్ఫ్ గోల్ చేసి తన జట్టును టోర్నీ నుంచి పంపేశాడనీ, స్వదేశంలో విమానం దిగగానే రగిలిపోయిన అభిమానులు ఆయనను కాల్చి చంపారనీ, దీని వెనుక ఉన్నది ఆయన బంధువు, మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ అనీ దాని సారాంశం. ఇందులో సెల్ఫ్ గోల్ నిజం, హత్య నిజం. మిగిలినది చాలావరకు కల్పన.

పాబ్లో ఎస్కోబార్ 1993 డిసెంబరు 2న కొలంబియా నగరమైన మెడెలిన్‌లో భద్రతా దళాల దాడిలో చనిపోయాడు. ఆండ్రెస్ హత్య జరిగింది 1994 జులై 2న. ఏడు నెలల క్రితమే మరణించినవాడు ఆదేశాలివ్వలేడు. ఇద్దరికీ ఇంటిపేరు కలిసిందే తప్ప చుట్టరికం లేదు.

జట్టు ఓటమి భారమంతా ఆయన మీద మోపడం ఇంకా పెద్ద అన్యాయం. జూన్ 22న పసడేనాలో అమెరికాతో జరిగిన మ్యాచ్ 35వ నిమిషంలో అమెరికా ఆటగాడు జాన్ హార్క్స్ ఎడమవైపు నుంచి బంతిని గోల్ ముందుకు పంపాడు. దాన్ని అడ్డుకోవడానికి ఎస్కోబార్ నేల మీద జారుతూ కాలు చాచగా, బంతి ఆయన కాలికి తగిలి, అప్పటికే మరోవైపు కదిలిన గోల్‌కీపర్‌ను దాటి వలలో పడింది. ఏ డిఫెండరైనా చేయవలసిన ప్రయత్నమే అది. ఆ గోల్ ఖరీదైనదే, కాదనను. అయితే కొలంబియా అప్పటికే రొమేనియా చేతిలో 3-1తో ఓడిపోయి ఉంది, అమెరికా రెండో గోల్ ఎర్నీ స్టీవార్ట్ కొట్టాడు. పైగా ఆ మ్యాచ్‌కు ముందు బెదిరింపులు రావడంతో గాబ్రియేల్ గోమెజ్‌ను జట్టులోంచి తప్పించవలసి వచ్చింది. అంతటి భయం మధ్య ఆడినవారిని ఒక్క పొరపాటుతో కొలవడం తగదు.

విమానాశ్రయంలో ఏమీ జరగలేదు. ఎస్కోబార్ మెడెలిన్‌కు క్షేమంగా చేరుకున్నాడు, జీవితం ఇక్కడితో ముగిసిపోదన్న భావంతో 'ఎల్ తియెంపో' పత్రికలో వ్యాసం కూడా రాశాడు. జులై 1 రాత్రి స్నేహితులతో బయటికి వెళ్ళిన ఆయనను కొందరు సెల్ఫ్ గోల్ గురించి ఎగతాళి చేశారు. తెల్లవారుజామున 'ఎల్ ఇందియో' అనే నైట్‌క్లబ్ బయట, కారు పార్కింగ్ స్థలంలో, మాటామాటా పెరిగింది. అక్కడే ఆయనను కాల్చేశారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్ళు.

కాల్చినట్లు ఒప్పుకున్నది ఉంబెర్తో మున్యోస్ కాస్త్రో. మాదకద్రవ్యాల ముఠాలతో సంబంధాలున్నాయని పేరుపడిన గయోన్ సోదరుల వద్ద అతను డ్రైవరు. బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకున్నవారు ఈ హత్య చేయించారన్న వాదన గట్టిగా వినిపించినా, న్యాయస్థానంలో అది రుజువు కాలేదు. కాబట్టి దాన్ని కూడా నిర్ధారిత సత్యంగా పంచుకోకూడదు. అభిమానుల విషయానికొస్తే, ఆయన అంత్యక్రియలకు లక్ష మందికి పైగా తరలివచ్చారు. 1989లో మెడెలిన్ క్లబ్బు అట్లెటికో నాసియోనల్‌కు దక్షిణ అమెరికా క్లబ్బుల టోర్నీ కోపా లిబర్తదోరెస్ గెలిపించిన జట్టులో ఆడిన ఆయనను వారు 'ఫుట్‌బాల్ పెద్దమనిషి' అని పిలుచుకునేవారు.

మున్యోస్‌కు 1995లో 43 ఏళ్ళ శిక్ష పడింది. తరువాత దాన్ని తగ్గించారు, 2005లో అతను విడుదలయ్యాడు. గయోన్ సోదరులకు హత్యానేరం కింద శిక్ష పడలేదు. మనం అడగవలసిన ప్రశ్న ఇక్కడ ఉండగా, ఆ కథ మాత్రం ఇప్పటికీ అభిమానులనే దోషులుగా చూపిస్తోంది.