ఐ7 అన్నారు, 32 జీబీ అన్నారు, కార్డు పేరు మాత్రం చెప్పలేదు

నేను కంప్యూటర్ ఇంజనీర్ని కాదు, శ్రీకాకుళంలో పిల్లలకి లెక్కలు చెప్పుకునే మాస్టార్ని. మేనల్లుడి కోసం చిన్న గేమింగ్ కంప్యూటర్ కొనబోయి ఒకసారి నిండా మునిగాను, రెండోసారి ఎలాగో ఒడ్డుకి చేరాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. పోస్టు పొడుగైతే ఏమనుకోకండి.

మా అప్ప వాళ్లది ఆముదాలవలసలో రెండు గదుల పోర్షన్. బీరువాకీ కిటికీకీ మధ్య అప్ప కుట్టుమిషన్ బల్ల ఉంటుంది. దాని చివర మిగిలిన మూరెడు చోటే కంప్యూటర్‌కి దక్కింది. అందుకే "చిన్నదైతేనే పడుతుంది మావయ్యా" అన్నాడు వాడు. ఈ ఏడే ఇంజనీరింగులో చేరాడు. కోడింగుకని ఇంట్లో చెప్పాడు. కోడింగుకి గేముల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డెందుకురా అని నేనూ అడగలేదు, ఆ వయసు దాటే వచ్చాం కదా.

దసరా అమ్మకాలప్పుడు ఆన్‌లైన్లో ఒకటి కనబడింది. గేమింగ్ పీసీ, కోర్ ఐ7, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్, రంగురంగుల ఫ్యాన్లు, అన్నీ కలిపి ముప్పై వేల లోపే. ఐ5 కంటే ఐ7 పెద్దది, 16 కంటే 32 పెద్దది. లెక్కల మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి? నొక్కేశాను.

పెట్టె వచ్చింది. స్విచ్ వేయగానే గది గదంతా ఎరుపూ నీలం. అప్ప వంటగదిలోంచి తొంగిచూసి "ఇన్ని లైట్లేట్రా, పెళ్లి పందిరేటి?" అంది. వాడు వాలరెంట్ అనే గేము దింపుకున్నాడు. తెరిచాడు. తెర మీద వ్యాన్ 9001 అని ఒక ఎర్రర్ వచ్చి కూర్చుంది. మళ్లీ తెరిచాడు, మళ్లీ అదే. ఆ రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు, గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

ఆదివారం వెళ్లి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆ ఐ7 పూర్తి పేరు ఐ7-3770. 2012 నాటి సరుకు. విండోస్ 11 ఆ ప్రాసెసర్‌ని అధికారికంగా ఒప్పుకోదు, అమ్మినవాడు అడ్డదారిన ఎక్కించి పంపాడు. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. ఆ కాలం మదర్‌బోర్డుల్లో టీపీఎం 2.0 ఎక్కడుంటుంది? పోనీ విండోస్ 10కి వెనక్కి వెళ్దామంటే, దానికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో చెల్లుచీటీ రాసేసింది. మేం పెట్టె విప్పింది సరిగ్గా ఆ నెలలోనే.

ఇక ఆ 4 జీబీ గ్రాఫిక్స్. జీటీ 730. 2014లో వచ్చిన కార్డు. అందులో ఎక్కువ రకాలు వాడే కెప్లర్ తరం చిప్‌లకి కొత్త గేముల డ్రైవర్లు (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం, వాటిని తయారుచేసే ఎన్విడియా 2021లోనే మానేసింది. 4 జీబీ ఉన్న మాట నిజమే, కానీ అది డీడీఆర్3 అనే పాతకాలపు నెమ్మది మెమరీ. సెకనుకి ముప్పై జీబీ కూడా తోడలేదు. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 కార్డయితే సెకనుకి 272 జీబీ తోడుతుంది. చెరువు ఎంత పెద్దదైతే ఏం లాభం, తూము చిటికెన వేలంత ఉంటే మడి తడుస్తుందా?

నా మంటల్లా ఏంటంటే, అమ్మినవాడి ప్రకటనలో ఒక్క ముక్కా అబద్ధం కాదు. ఐ7 అన్నాడు, ఐ7 ఉంది. 4 జీబీ అన్నాడు, ఉంది. ఏడు రోజుల్లో మార్చి ఇస్తామన్నాడు, మార్చి ఇచ్చాడు, అచ్చంగా అలాంటిదే ఇంకోటి! డబ్బు వెనక్కి ఇవ్వడం మాత్రం వాళ్ల షరతుల్లో లేదట. ఫిర్యాదు చేస్తే "కస్టమర్ స్పెసిఫికేషన్ చదువుకోవాలి" అని జవాబు. మేం చదివాం నాయనా, నువ్వే పూర్తిగా రాయలేదు.

అప్పట్నుంచి రెండు నెలలు ఇదే పని. బడి నుంచి రావడం, ఫోను పట్టుకోవడం. మా ఆవిడ "మీరేటైనా షాపు పెడతారేటి?" అని అడిగేదాకా వచ్చింది. ఆ రెండు నెలల్లో నాకు ఎక్కిందేంటంటే, ఏది చాలుతుందో తేల్చేది మన ఎదురుగా ఉన్న మానిటరే. మేనల్లుడికి నేను కొనిచ్చింది మామూలు 24 అంగుళాల 1080పీ తెర. అంటే 1920ని 1080తో గుణిస్తే సుమారు 20 లక్షల 70 వేల చుక్కలు. 1440పీ అయితే దాదాపు 37 లక్షలు, 4కే అయితే 83 లక్షలు. కార్డు ప్రతి ఫ్రేముకీ ఆ చుక్కలన్నీ దిద్దాలి. 20 లక్షల చుక్కల తెరకి 83 లక్షల చుక్కల కార్డు కొనడం అంటే, నలుగురున్న ఇంట్లో పెళ్లి డేగిసా పెట్టి వండటమే. మరీ తక్కువదైతే జీటీ 730 కథ. మధ్యలోది పట్టుకోవాలి.

చిన్న పెట్టెలు మూడు రకాలు కనబడ్డాయి.

మొదటిది, ఆఫీసుల్లో వాడి తీసేసిన సన్నపాటి డెస్క్‌టాప్‌లో ఒక కార్డు గుచ్చి "గేమింగ్" అని అమ్మేది. వెక్కిరించక్కర్లేదు, ప్రాసెసర్ మరీ ముసలిది కాకపోతే బీద విద్యార్థికి ఇదే మంచి దారి. కాకపోతే రెండు ముడులున్నాయి. పెట్టె సన్నం కాబట్టి సగం ఎత్తు కార్డులే పడతాయి. లోపలి పవర్ సప్లై చిన్నది, కార్డుకి విడిగా వైరు ఇవ్వదు. బోర్డు మీది స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే సరిపెట్టుకోవాలి. అలా సరిపెట్టుకునేవాటిలో నాకు నచ్చింది ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. 70 వాట్లే తింటుంది.

ఇక్కడొక గోతి ఉంది, చూసుకోండి. 3050 అనే పేరుతోనే 2022లో 8 జీబీ కార్డొకటి వచ్చింది, అది 130 వాట్లు. 2024లో వచ్చిన 6 జీబీది మెమరీ ఒక్కటే తగ్గించినది కాదు. లెక్కలు చేసే కోర్లు 2560 నుంచి 2304కి తగ్గాయి, మెమరీ దారి 128 బిట్ల నుంచి 96 బిట్లకి కుంచించుకుపోయింది. సన్న పెట్టెకి 6 జీబీదే సరైనది, నేను కాదనను. దాన్ని 8 జీబీ రేటుకి అంటగడితేనే ఒళ్లు మండుతుంది.

రెండోది అరచేతి పెట్టె. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, బయట ల్యాప్‌టాప్ మాదిరి అడాప్టర్. విడిగా కార్డుండదు, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్. అందులో రేడియాన్ 780ఎమ్ లాంటి గ్రాఫిక్స్ ఉంటే తీసిపారేయలేం, తేలికపాటి గేములు 1080పీలో సెట్టింగులు తగ్గించుకుని ఆడుకోవచ్చు. కానీ దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. డీడీఆర్5-5600 రకం ర్యామ్ స్టిక్కులు రెండుంటే సెకనుకి దాదాపు 90 జీబీ వస్తుంది, ఒక్కటే ఉంటే అందులో సగం. అమ్మేవాళ్లలో కొందరు 16 జీబీ స్టిక్కు ఒక్కటే పెట్టి పంపుతారు. "ర్యామ్ ఎంత?" అని ఊరుకోకుండా "ఎన్ని స్టిక్కులు?" అని అడగండి. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు కొండెక్కి కూర్చున్నాయి, తర్వాత ఇంకోటి వేసుకుందాంలే అనుకునే రోజులు కావివి.

ఇదే సైజులో కాస్త పెద్దవి కొన్నిటి మీద "ఆర్‌టీఎక్స్ 4060", "4070" అని రాసుంటుంది. మన ఆముదాలవలసలో రైలు దిగాలంటే శ్రీకాకుళం రోడ్ అని టికెట్ తీసుకుంటాం చూడండి, అచ్చం ఆ వ్యవహారం. తెలిసినవాడికి ఇబ్బంది లేదు. కొత్తవాడు శ్రీకాకుళం వచ్చేసిందనుకుని దిగి, ఊరేదని దిక్కులు చూస్తాడు. అలాంటి బుల్లి పెట్టెల్లో తరచూ ఉండేది ల్యాప్‌టాప్ చిప్. డెస్క్‌టాప్ 4070కి 5888 కోర్లు, 12 జీబీ మెమరీ. ల్యాప్‌టాప్ 4070కి 4608 కోర్లు, 8 జీబీ. పేరొకటే, సరుకు వేరు. ల్యాప్‌టాప్ 4060 అయితే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా, తయారుచేసినవాడు ఎంత కరెంటిస్తే అంత పరుగు. వాట్లు చెప్పకుండా ఆ పేరు చెప్పడం, ఎద్దుని చూపించకుండా బండి బేరం పెట్టడమే.

మూడో రకం అసలైన చిన్న డెస్క్‌టాప్. లోపల 17 సెంటీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ బోర్డు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే పొట్టి పవర్ సప్లై, మామూలు కార్డు. ఈ పెట్టెల సైజు లీటర్లలో చెప్తారు. మొదట్లో నాకు నవ్వొచ్చింది గానీ మంచి కొలతే అది. ఇంటికొచ్చే మినరల్ వాటర్ టిన్ను 20 లీటర్లు. పాత టవర్ అలాంటివి రెండు టిన్నులు. మేం కొన్నది 14 లీటర్లు, కుట్టుమిషన్ పక్కన ఒద్దికగా కూర్చుంది. ఖరీదు మాత్రం పెద్ద పెట్టె కంటే ఎక్కువే, పొట్టి సామాన్లకి గొప్పలు జాస్తి. కానీ రేపు ఏది పోయినా ఆ ముక్క విడిగా కొని వేసుకోవచ్చు. అరచేతి పెట్టెలో చిప్ పోతే పెట్టంతా పోయినట్టే. విశాఖకి మోసుకెళ్లి సర్వీసు సెంటర్లో టోకెన్ తీసుకునే ఓపిక నాకైతే లేదు.

చివరికి విశాఖలో ఒక షాపు దొరికింది. బిగించి అమ్మే రెడీమేడ్ పెట్టే, కానీ ప్రతి భాగం పూర్తి పేరూ కాగితం మీద రాసిచ్చారు. నాకు సగం నమ్మకం అక్కడే కుదిరింది. ఐ5-12400, 8 జీబీ స్టిక్కులు రెండు, డెస్క్‌టాప్ 4060, 550 వాట్ల పవర్ సప్లై. చివర "ఎఫ్" ఉన్న 12400ఎఫ్ కాస్త తక్కువకి వస్తుందన్నారు. వద్దన్నాను. ఎఫ్ అంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. ఎప్పుడైనా కార్డు మొరాయిస్తే తెర నల్లగా ఉండిపోతుంది, పిల్లాడి అసైన్‌మెంట్ ఆగిపోతుంది. మొత్తం జీఎస్టీతో 76 వేలు అయింది, సీరియల్ నంబర్లతో సహా బిల్లు తీసుకున్నాను. ఇంకో మాట, ఈ ఐ5 ముందు ఆ ఐ7 నిలబడనే నిలబడదు. ఐ పక్కన అంకె కాదు, ఆ గీత తర్వాత అంకె చూడాలని ఇంత జుట్టు ఊడాక తెలిసింది.

4060లో ఉన్నది 8 జీబీయే కదా, కొత్త గేములకి చాలదంటున్నారు కదా అంటారేమో. నిజమే, బొమ్మల నాణ్యత చిట్టచివరికి తోస్తే కొన్నిట్లో చాలదు. ఒక మెట్టు కిందికి దింపుకుంటే 1080పీలో వాడికి హాయిగా నడుస్తోంది.

రైల్లో తెచ్చాం. కార్డు విప్పి వేరే డబ్బాలో పెట్టించాను, బరువైన కార్డు స్లాటుకి వేలాడుతూ కుదుపులు తింటే విరుగుతుందని చదివాను కాబట్టి. ఇంటికొచ్చాక బిగించడానికి తెలిసిన కుర్రాడొకడు వచ్చాడు. అంతా బిగించాడు, మానిటర్ వైరు మాత్రం తీసుకెళ్లి బోర్డుకి గుచ్చాడు. గేము నత్త నడక. మేనల్లుడి ముఖం చూడాలి! "మావయ్యా, మళ్లీ మోసపోయామా?" నాకూ గుండె జారింది. పావుగంట తర్వాత వెనక వైపు చూస్తే అసలు కార్డు పని పాటా లేకుండా కూర్చుంది, ప్రాసెసర్‌లోని బుల్లి గ్రాఫిక్స్ ఒక్కటే చాకిరీ చేస్తోంది. వైరు కార్డుకి మార్చాం, పరుగందుకుంది.

చిన్న పెట్టెకి వేడి గండం ఎక్కువ. ముందు అద్దం, వెనక గోడ ఉంటే ఊపిరాడదు. మన పక్క ఉక్క సంగతి చెప్పక్కర్లేదు, పైగా అప్ప కుట్టే గుడ్డల నూలు పోగులు. పక్కలన్నీ జాలీ ఉన్న పెట్టె తీసుకున్నది అందుకే. పదిహేను రోజులకోసారి జాలీ తుడవమని చెప్పాను, వాడు తుడవడు, అప్పే తుడుస్తుంది. కరెంటు గొడవ సరేసరి. 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లనుకుంటారు, సుమారు 360 వాట్లే ఇస్తుంది. 115 వాట్ల కార్డు, 65 వాట్ల ప్రాసెసర్, మానిటరు కలిపినా దానిమీద నడుస్తుంది, ఫైలు దాచుకుని ఆపుకునేంత సేపు. తిత్లీ లాంటి తుఫానొస్తే ఏ యూపీఎస్సూ ఆదుకోదనుకోండి.

పాత పెట్టె అమ్ముదామంటే మనసొప్పలేదు, మనం పడ్డ గోతిలోకి ఇంకొకణ్ని ఎలా తోస్తాం? దాన్ని నెట్ నుంచి తప్పించి మా ఇంటికి తెచ్చుకున్నాను, ప్రశ్నపత్రాలు టైపు చేసుకుంటున్నాను. టైపింగుకి బాగుంది. లైట్లు ఆపడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

మొన్న నరసన్నపేట నుంచి తోటి మాస్టారు ఫోన్ చేశారు, వాళ్లబ్బాయికీ చిన్న గేమింగ్ పెట్టె కావాలట. ఇక్కడే ఊళ్లో ఒక షాపాయన ఆయనకి పంపిన కొటేషన్ నాకు వాట్సాప్ చేశారు. ప్రాసెసర్ ఐ7, ర్యామ్ 32, కింద "గ్రాఫిక్స్: 4 జీబీ" అని ఉంది, అంతే. షాపాయన నంబర్ తీసుకుని నేనే మెసేజ్ పెట్టాను, "నమస్కారమండీ, ఏ 4 జీబీ? కార్డు పూర్తి పేరు చెప్తారా?" అని.

నీలం టిక్కులు పడి మూడు రోజులైంది.