తోడు ఉంది, పాలేవి?

పెరుగు తోడుకోవడానికి చెంచాడు మజ్జిగ చాలు, కానీ గిన్నెలో పాలుండాలి. ప్రకృతి వ్యవసాయంలో నేలకు పోసే జీవామృతం అనే ద్రావణం పంటకు సరిపోతుందా అన్న వాదనల్లో ఈ రెండో సంగతి తరచు మరుగున పడుతోంది.

ఎకరానికి ఒక విడతకు చాలే 200 లీటర్ల జీవామృతంలో కలిపేది 10 కిలోల పేడ, దాదాపు అంతే మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి. వీటన్నిటిలోని నత్రజని కలిపినా పావు కిలోకు అటూఇటూ. అదే ఎకరంలో 25 క్వింటాళ్ల వడ్లు పండితే, సుమారు 28 కిలోల నత్రజని, ఆరు కిలోల దాకా భాస్వరం గింజలతో పాటే బస్తాలకెక్కి మార్కెట్ యార్డుకు పోతాయి. జీవామృతం ఎరువు కాదు, సూక్ష్మజీవుల తోడు మాత్రమేనని దాన్ని ప్రచారం చేసేవారే చెబుతారు. నిజమే. నత్రజనిని గాలి నుంచి దించడానికి పెసర, కంది, జనుము, జీలుగ ఉన్నాయి. భాస్వరం గాలిలో లేదు. నేలలో బిగిసిపోయినదాన్ని సూక్ష్మజీవులు కొంత విడిపిస్తాయి తప్ప కొత్తగా పుట్టించలేవు.

మరి బస్తా ఎరువులు రాకముందు పొలానికి బలం ఎక్కడిది? వండలి (ఒండ్రుమట్టి) చేరిన ఊళ్లను వదిలేస్తే, చాలావరకు ఊరి బయటి గడ్డిదే. గుట్ట మీద, బీడులో, చెరువు శిఖంలో (నీరు తగ్గాక బయటపడే చెరువు నేలలో) పగలంతా మేసిన పశువు సాయంత్రం కొట్టానికి వచ్చి పేడ వేస్తుంది. ఆవు ఎరువును సృష్టించదు, మోసుకొస్తుంది.

ఇది కళ్లకు కట్టినట్టు కనిపించేది మంద కట్టించినప్పుడు. కోతలయ్యాక తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇప్పటికీ ఈ పద్ధతి ఉంది. చీకటి పడే వేళకు కాపరులు గుంజలు పాతి చుట్టూ వల బిగించి గొర్రెలను లోపలికి తోలుతారు. తెల్లవారి చూస్తే మంద పడుకున్న మేర నేల తడిగా, నల్లగా, పెంటికలతో నిండి ఉంటుంది. మర్నాటి రాత్రికి వల పక్కకు జరుగుతుంది. రైతు రాత్రికి ఇంతని కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తాడు. తెలిసిన రైతు అది పెంటికల కోసం మాత్రమే ఇవ్వడు, మూత్రం నేరుగా నేలలో ఇంకుతుందని ఇస్తాడు. ఎండకు ఆరిపోకముందే దున్ని కలిపేస్తాడు. బండి కిరాయి లేదు, ఎరువు చిమ్మే కూలీ లేదు.

పశువు విడిచే నత్రజనిలో దాదాపు సగం మూత్రంలోనే పోతుంది. పొటాష్ అయితే ఇంకా ఎక్కువ. గచ్చు చేసిన కొట్టంలో అదంతా కాలువపాలు. దిబ్బను ఎండకూ వానకూ వదిలేస్తే మిగిలినదీ హరించుకుపోతుంది. దిబ్బ దగ్గర ముక్కుపుటాలు అదరగొట్టే ఆ ఘాటు ఉందే, అది గాలిలో కలిసిపోతున్న నత్రజని, రైతు సొమ్మే.

2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల కాపరులకు 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి. గొర్రెలు పెరిగాయి, మేపే గుట్ట పెరగలేదు. ఊరి చివర బీడు వెంచరై కంచె వేసుకుంటే కాపరి మందను లారీకెక్కించి దూరం పోవాలి, లేదా అమ్ముకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఎందరు రైతులు చేరారో చెబుతూనే ఉంటారు. వారి పశువులకు మేత భూమి ఎంత ఉందన్నది ఆ స్థాయిలో చర్చకు రావడం నేను చూడలేదు. నా దృష్టిలో ముందు అడగవలసిన ప్రశ్న అదే.

పాత పద్ధతికి హారతి పట్టడం నా ఉద్దేశం కాదు. గుట్టను పీల్చి పొలాన్ని పోషించడమే అది. గుట్టకు ఎవరూ ఏమీ తిరిగివ్వలేదు. పైగా పంటగా ఊరు దాటిన భాస్వరం ఏ మందతోనూ వెనక్కి రాదు. అది ఎక్కడికి పోయిందో చూడాలంటే హైదరాబాద్ దగ్గర మూసీ ఒడ్డుకు వెళ్లాలి. ఊళ్ల నుంచి బియ్యంగా, పప్పుగా నగరం చేరినదే అక్కడ మురుగునీటిలో పారాగడ్డిగా ఏపుగా పెరుగుతోంది. పరిశ్రమల వ్యర్థాలూ కలిసిన నీరు కాబట్టి దాన్ని సేంద్రియ పొలానికి మళ్లించే వీలు లేదు. ఆ గడ్డిని కోసి మోపులు కట్టి నగరంలోని గేదెలకు అమ్ముతారు. కొట్టాలు కడిగిన పేడనీళ్లు చాలాచోట్ల మళ్లీ మురుగుకాలువలోనే కలుస్తాయి.