దయా గారు తన్నే తలుపుకి

తలుపూ, ఎలా ఉన్నావు? ఎలా ఉంటావులే, 1998లో సోనీ టీవీలో సీఐడీ అనే హిందీ పోలీసు సీరియల్ మొదలైనప్పటి నుంచి అందులోని ఇన్‌స్పెక్టర్ దయా గారి తన్నులు తింటూనే ఉన్నావు. 2018లో సీరియల్ ఆగితే కాస్త ఊపిరి పీల్చుకున్నావో లేదో, 2024 డిసెంబరులో మళ్లీ మొదలెట్టారు.

సంగతేంటంటే, ఈ సీరియల్లో రాజకీయం ఉందా లేదా అని మావాళ్లు తెగ వాదించుకుంటుంటారు. హంతకుడి ఇంటిపేరేంటి, మతమేంటి, ఆ ఎపిసోడ్‌లో కనిపించిన ఎమ్మెల్యే కండువా ఏ రంగు, ఇవే చూస్తారు. తీరా హంతకుడు ఆస్తి కోసం చంపిన ఏ బావమరిదో అవుతాడు, దాంతో "ఎవర్నీ ఏమీ అనలేదు, శుభ్రమైన టైంపాస్" అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. నీ వంక మాత్రం ఎవరూ చూడరు.

నిన్ను పగలగొట్టడానికి కూడా చట్టంలో ఓ పద్ధతుంది తెలుసా? పాత నేర విచారణ చట్టం, అదే సీఆర్‌పీసీ, 47వ సెక్షన్ ప్రకారం పోలీసులు ముందు తామెవరో, ఎందుకొచ్చారో చెప్పాలి, తలుపు తీయమని అడగాలి, అప్పటికీ తీయకపోతేనే నీ జోలికి రావాలి. దయా గారి బాసు ఏసీపీ ప్రద్యుమ్న్ గారికి చెయ్యి గాల్లో తిప్పుతూ ఆలోచించడానికి బోలెడంత టైముంటుంది గానీ దీనికి ఉండదు. సరే, లోపలికొచ్చాక? ఒక్క చెంపదెబ్బ, అంతే, వాడు కథంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు, ఉరిశిక్ష కూడా అక్కడే ఖాయమైపోతుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదని 1872లో తెల్లదొరలు రాసిన ఎవిడెన్స్ యాక్టే చెప్పింది, మొన్నొచ్చిన కొత్త చట్టంలోనూ ఆ మాట అలాగే ఉంది. అయినా చెల్లడానికి అక్కడ కోర్టుంటే కదా! లాయరు లేడు, మేజిస్ట్రేటు లేడు, చివరి దెబ్బ మాత్రం సరిగ్గా అసలు దొంగ చెంపకే తగులుతుంది. పోలీసు ఎప్పుడూ కరెక్టే, మధ్యలో మిగతావాళ్లంతా అడ్డం. ఇంతకన్నా రాజకీయం ఏ కండువాలో దొరుకుతుంది చెప్పు?

2019 డిసెంబరులో, దిశ కేసులో, చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపితే జనం ఆ పోలీసుల మీద పూలు చల్లారు. 2022లో దీని మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ అవి చంపాలనే జరిపిన కాల్పులని చెప్పింది. ఆ పూలు నీ వల్లే పడ్డాయని నేననను, పాపం నువ్వు ప్లైవుడ్డువి.

కానీ నాకో సాయం చెయ్యి. ఈసారి దయా గారు నాలుగడుగులు వెనక్కేసి దూసుకొస్తున్నప్పుడు, "ఎవరండీ, ఏం పని మీద వచ్చారు?" అని ఒక్కసారి కిర్రుమను. అప్పుడు చూడు, ఈ సీరియల్లో కూడా రాజకీయాలు దూర్చేశారని మావాళ్లే మొదట గోల చేస్తారు.