వంటనూనె ప్యాకెట్ గారికి, వెనక వైపు చదివిన ఇల్లాలు రాయునది

హనుమకొండ

మహారాజశ్రీ వంటనూనె ప్యాకెట్ గారికి,

నమస్కారాలు. మేమంతా ఇక్కడ క్షేమం. మీరు కూడా మా వంటింటి అరలో, కందిపప్పు డబ్బా పక్కన, ఎప్పటిలాగే జిడ్డు కారుతూ క్షేమంగా ఉన్నారని ఇప్పుడే చూసి వచ్చి రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నమంతా నక్కలగుట్టలో ఒక డైటీషియన్ దగ్గర గడిచింది. టోకెన్ తీసుకుని, ఏసీ పనిచేయని గదిలో, బరువు తగ్గినవాళ్ల 'ముందు–తర్వాత' ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. చివరికి నా వంతు వచ్చింది. మెషిన్ ఎక్కితే పోయిన నెలకంటే ఎనిమిది వందల గ్రాములు ఎక్కువ. ఏం తింటున్నారని అడిగింది. అన్నం సగం చేశాను, చాయ్‌లో చక్కెర బంద్ చేశాను, రాత్రి జొన్నరొట్టె తింటున్నాను అని చెప్పాను. "మరి నూనె?" అంది. అప్పుడు కొంచెం నిటారుగా కూర్చుని మీ పేరు చెప్పాను. అది మామూలు పేరా! పక్కనున్న ప్యాకెట్‌కంటే నలభై రూపాయలు ఎక్కువ పోసి తెస్తున్న పేరు. ఆమె పెన్ను కింద పెట్టింది. "ఏ నూనె అని కాదమ్మా, ఎంత నూనె అని అడిగిన" అంది.

అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ ముఖారవిందం గురించి రెండు మాటలు. ఎర్రటి గుండె బొమ్మ, దాని పక్కన పరుగెత్తే అమ్మాయి. ఆ అమ్మాయి నడుము నా చెయ్యి మందం ఉంది. పూరీ అనే పదార్థాన్ని జన్మలో చూసినట్టు లేదు. ఆ కింద పెద్దక్షరాల్లో 'కొలెస్ట్రాల్ సున్నా'. అయ్యా, కొలెస్ట్రాల్ ఉండేది మాంసంలో, గుడ్డులో, పాలలో, నెయ్యిలో. గింజలోంచి తీసిన ఏ నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. మా తాత గానుగ దగ్గర నిలబడి పట్టించుకొచ్చిన పల్లీ నూనెలోనూ లేదు. మా బర్రెకు రెక్కలు లేవు అని పాకకు బోర్డు కట్టినట్టుంది మీ వ్యవహారం. పైగా ఆ బోర్డుకు విడిగా డబ్బులు.

సరే, ముఖం చూసింది చాలు అనుకుని మిమ్మల్ని వెనక్కి తిప్పాను. ఆ అక్షరాలు చదవడానికి కళ్లద్దాలు చాలలేదు. మా అబ్బాయి ఫోన్‌తో ఫొటో తీసి, వేళ్లతో సాగదీసి చూపించాడు. అతుకు మడతలో సగం దాక్కుని ఒక పట్టిక ఉంది. 100 గ్రాములకు శక్తి 900 కిలో క్యాలరీలు.

తొమ్మిది వందలు!

నమ్మకం కలగక అరలో ఉన్నవన్నీ కిందికి దించాను. కాశీబుగ్గలో గానుగ పెట్టినాయన దగ్గర తెచ్చిన పల్లీ నూనె, గ్రాముకు తొమ్మిది. మా ఆడబిడ్డ హైదరాబాద్ నుంచి పంపిన ఆలివ్ నూనె, చిన్న సీసా, ఎవరూ ముట్టుకోకుండా పూజగదిలో పెట్టినట్టు పెట్టుకున్నాం, దానికీ తొమ్మిదే. ఆ మధ్య ఊరంతా కొబ్బరినూనె గ్లాసుల్లో పోసుకుని తాగి బరువు తగ్గుతామన్న సీజన్‌లో కొన్న సీసా అడుగున మిగిలింది, దానికీ అంతే. తవుడు నూనె కూడా అంతే. నెయ్యి డబ్బా తిప్పితే అక్కడా రెండు మూడు క్యాలరీలు అటో ఇటో అదే లెక్క. వంటింటి గట్టు మీద వరసగా నిలబెట్టి చూశాను. ఒకడు గుండెకు మంచివాడు, ఒకడు మెదడుకు మంచివాడు, ఒకడు ఇటలీవాడు, ఒకడు కట్టె గానుగ. అందరి వెనకా ఒకటే అంకె.

గుండె సంగతి వేరు, అది ఒప్పుకుంటాను. పామాయిల్‌లో దాదాపు సగం గుండెకు మంచిది కాని సంతృప్త కొవ్వే, పొద్దుతిరుగుడులో అది బాగా తక్కువ. ఏది ఎంచుకోవాలో రక్తనాళాలకు తేడా తెలుస్తుంది. కానీ నడుముకు ఆ చదువు లేదు కదా! నడుముకు తెలిసింది తొమ్మిదే. మరి నడుము బొమ్మ మీ మీద ఎందుకుంది? గుండె పేరు చెప్పి నడుము బొమ్మ వేయడం, నడుము చూసి మేము కొనడం, కొన్నాం కదా మంచి నూనే కదా అని ఇంకో గంటె పొయ్యడం. మీ కంపెనీలో ఈ బొమ్మ గీసినవాడికి జీతం పెంచే ఉంటారు.

మా గంటె సంగతి కూడా చెప్పాలి. డైటీషియన్లు, డాక్టర్లు, యూట్యూబ్ అక్కలు అందరూ టీ స్పూన్లలో మాట్లాడతారు. టీ స్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, ఉజ్జాయింపుగా 40 క్యాలరీలు. వినడానికి ఎంత ముద్దుగా ఉంటుందో! మా ఇంట్లో టీ స్పూన్ ఉప్మాలో పల్లీలు ఏరుకోవడానికి పనికొస్తుంది. నూనెకు మాత్రం గంటె. రాత్రి దాన్ని నీళ్లతో కొలిచాను. నిండా ముంచితే తొమ్మిది టీ స్పూన్లు పడుతుంది. అంటే పొయ్యి మీద మూకుడు పెట్టి, ఫోన్‌లో మాట్లాడుతూ, చూడకుండా ఒక్కసారి ఒంపితే 370 క్యాలరీల దాకా. అంతా అయ్యాక కూర దించుతూ ఎవరో ఒకరు అంటారు, "నూనె మీదికి తేలలేదు, ఇంక జర పొయ్యకపోయినవా?"

ఎవరో ఒకరు అని మర్యాదకు అన్నాను. మా అత్తమ్మ. ఆమె లెక్కలో కూర ఉడికిందనడానికి సాక్ష్యం నూనె తేలడమే. చుట్టాలొచ్చిన రోజు అయితే అది ఇంటి పరువు. వంకాయ కూర గిన్నె అంచు చుట్టూ ఎర్రగా నూనె నిలవకపోతే, ఆ కోడలు పిసినారిదని మానుకోట దాకా మోసుకుపోతారు. నిన్న నేను ముఖం వేలాడేసుకుని వస్తే, పాపం నీరసపడ్డానని సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం కలిపి, మందపాటి గిన్నె అడుగున అరచేత్తో పల్చగా అద్ది, చూపుడు వేలితో బొక్కలు పెట్టింది. ప్రతి బొక్కలోనూ కొంచెం నూనె. తర్వాత అంచు చుట్టూ. ఆ తర్వాత "మాడుతదేమో" అని మళ్లీ మధ్యలో. మూత పెట్టి సన్నమంట మీద వదిలేసింది.

"అత్తమ్మా, డాక్టరమ్మ నూనె తగ్గించమన్నది" అన్నాను.

"గీ బొక్కల్ల పోసేదానికే ఏమైతదే? నువ్వు గా కొత్త ప్యాకెట్‌దే పొయ్యి, గది మంచిదంటివి గద" అంది.

చూశారా? చదువు రాని ముసలామెకు కూడా మీ ముందు వైపు కంఠస్థం వచ్చింది. వెనక వైపు చదవగలిగినవాళ్లు ఇంట్లో ముగ్గురున్నా ఒక్కరికీ తెలియదు.

ఇక గారూ గీరూ పక్కన పెడతాను. లెక్క చెప్తా విను.

నువ్వు గొప్ప చెప్పుకోవడానికి ఢిల్లీ దాకా పోతావు గానీ, సరైన లెక్క మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో కూర్చుని పనిచేసే ఆడమనిషికి రోజుకు 20 గ్రాముల నూనె, మగమనిషికి 25. మా ఇంట్లో నేను, అత్తమ్మ, మా ఆయన, బీటెక్ చదివే మావాడు. రోజుకు 90 గ్రాములు, ముప్పై రోజులకు 2,700. నువ్వు 910 గ్రాములు. మూడు ప్యాకెట్లతో నెల గడిచిపోవాలి. కిరాణా చిట్టీ తీసి చూస్తే నెలకు ఆరు! తలకు 45 గ్రాములు పడుతోంది. నా వాటా 20 పోగా మిగిలిన 25 గ్రాములకు 225 క్యాలరీలు. పొద్దున్నే లేచి భద్రకాళి బండ్ మీద గంటసేపు చెమటలు కక్కుతూ నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు అంతే. అంటే నేను ఇన్నాళ్లూ నడిచింది నా కోసం కాదు, నీ కోసం. నువ్వు రోజూ గంటె ఎక్కి లోపలికి రావడం, నేను రోజూ బండ్ మీదికి పోయి నిన్ను దించి రావడం. కూలి డబ్బులు కూడా నేనే ఎదురిస్తున్నాను, నలభై రూపాయల చొప్పున!

అన్నం సగం మానేశానే! దొడ్డు బియ్యం కాదు, సన్నబియ్యం అన్నం, మామిడికాయ పప్పుతో రెండోసారి పెట్టుకునే అన్నం. దాని మీద ఎవరూ గుండె బొమ్మ వేయలేదు కాబట్టి దొంగ అదేననుకుని దాన్ని తరిమాను. ఇంట్లోకి తాళంచెవితో వచ్చిపోతున్న నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను, పొయ్యి మీద పాలున్నాయి.

కొన్నేళ్ల కింద నీ మీద లీటరు అని రాసి, పక్కన చిన్నగా ఏవో డిగ్రీలు రాసేవాళ్లు. కొందరు 60 డిగ్రీలని కూడా రాశారు. వేడెక్కితే నూనె పొంగుతుంది కదా, తక్కువ గ్రాములకే లీటరు లెక్క సరిపోతుంది. రోహిణి కార్తెలో రామగుండంలో కూడా 50 దాటదు, నీకు 60 ఎక్కడ దొరికిందో! 2022 ఆగస్టులో కేంద్రం ఆ డిగ్రీలు తీసేసి బరువు కూడా రాయమంటే గానీ దారికి రాలేదు. ఇప్పుడు కొత్త విద్య. పక్కపక్కనే ఉన్న ప్యాకెట్లలో ఒకటి 910 గ్రాములు, ఒకటి 850, చూడ్డానికి కవలలు.

2022లోనే ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే మా చౌరస్తా కిరాణాలో నీ ధర లేచింది. నిన్ను పిండే పొద్దుతిరుగుడు పువ్వు అక్కడ పూస్తుందని మాకు అప్పుడే తెలిసింది.

2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో నూనె 10 శాతం తగ్గించమన్నారు. మా ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు పదికి బదులు తొమ్మిది తిన్నాడు. ఆ బండి మూకుడులో నూనె రంగు చూస్తే కాఫీ గుర్తొస్తుంది. మళ్లీ మళ్లీ కాగిన నూనెకు 2018లోనే హద్దు పెట్టారు, నూనె కాగి కాగి చెడితే పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాలని. బండాయన మాత్రం పొద్దున్నే దాని మీద కొత్త నూనె పోసి సరిచేస్తాడు.

ఎయిర్ ఫ్రయర్ కూడా కొన్నాం. అందులో సకినాలు చేసింది మా ఆడబిడ్డ. వాటి గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడం.

నిన్ను పూర్తిగా వెళ్లగొట్టేద్దామా అని కూడా ఆలోచించాను. కానీ ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే ఎంతో కొంత కొవ్వు కావాలట. అది పుస్తకంలో మాట. అసలు మాట వేరే ఉంది. నూనె లేకుండా పచ్చిపులుసు చేసి చూశాను. చింతపండు రసం, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, అన్నీ ఉన్నాయి. ఎవరో వదిలేసి పోయిన నీళ్లలా ఉంది. అప్పుడు చిన్న గంటెలో నిన్ను ఒక్క స్పూన్ పోసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, అది చుర్రుమంటుంటే గిన్నెలో ఒంపి మూత పెట్టాను. హాల్లో టీవీ చూస్తున్న మా ఆయన "ఏం చేస్తున్నవ్?" అని లేచి వచ్చాడు. ఇరవై ఏళ్ల సంసారంలో నా పిలుపుకు అంత తొందరగా లేవలేదు. ఒక్క స్పూన్‌కు ఇంత పనితనం ఉన్నదానివి, గంటెలు గంటెలు ఎందుకు పడతావు చెప్పు?

కాబట్టి షరతులు. వచ్చే ఒకటో తారీఖు నుంచి మూడు ప్యాకెట్లే, అందులో నలభై రూపాయల బొమ్మ ఉన్నది ఒక్కటీ ఉండదు. కత్తిరించిన నిన్ను స్టీలు క్యాన్ మీద బోర్లించి చివరి చుక్క దాకా కార్చే పని అత్తమ్మదే, అందులో జోక్యం చేసుకోను. క్యాన్ పక్కన గంటె ఉండదు, టీ స్పూన్ ఉంటుంది, దారం కట్టి. మూడోది ఇరవై ఐదుకే అయిపోతే మిగతా ఐదు రోజులు అందరికీ పచ్చిపులుసే, పోపు నా దయ.

సంక్రాంతి సకినాల నూనె ఈ లెక్కలోకి రాదు. అది అత్తమ్మ ఖాతా. ఆ ఖాతాలో వేలు పెట్టే ధైర్యం తార్నాకవాళ్లకు కూడా లేదు.

ఇట్లు,
మీ వెనక వైపు చదివిన
హనుమకొండ వినియోగదారురాలు

తా.క.: సర్వపిండి ఒక్క ముక్కే తిన్నాను. రెండో ముక్క మావాడి ప్లేటులోంచి తీసుకున్నది, అది వాడి 25 గ్రాముల్లోకి వస్తుంది.