పంజరంలో వైస్ కమాండర్

మొన్న మా పిన్ని కొడుకు పెద్ద జ్ఞానిలా మొహం పెట్టి "అక్కా, మీ సీరియల్స్ నిండా ఏడుపే, యానిమే చూడు, జపాన్ వాళ్ళ కార్టూన్ సీరియల్స్, అందులో ఆడవాళ్ళంటే ఎంపవర్‌మెంట్" అన్నాడు. సాక్ష్యంగా స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ పెట్టాడు, 2012 సీజన్, ఆన్‌లైన్ గేమ్‌లో ఇరుక్కుపోయిన ఆటగాళ్ళ కథ. 25 ఎపిసోడ్లు, నా శని ఆదివారాలు రెండూ హరీ.

అందులో అసునా గారు. గిల్డ్‌కి, అంటే ఆటగాళ్ళ దళానికి, వైస్ కమాండర్, బిరుదు ఫ్లాష్, కత్తి దూస్తే కంటికి ఆనదు. పనిలో పనిగా వంట స్కిల్ కూడా ఆఖరి లెవెల్ దాకా లాగేసింది, ఎందుకైనా మంచిదని. మన పెళ్ళిచూపుల్లో ఎంటెక్ అయ్యాక అడిగే ప్రశ్నకి జపాన్లో కూడా ప్రిపేర్ అవుతారన్నమాట.

ఇక సెకండాఫ్. ఇంత కమాండర్నీ మహావృక్షం చిటారున బంగారు పంజరంలో పెట్టారు! మాయల ఫకీరు కథలో పంజరంలో చిలకుండేది, ఇక్కడ ఆ ఖర్చు కూడా లేకుండా హీరోయిన్నే చిలకని చేశారు. యూనిఫాం పోయి పల్చటి గౌను వచ్చింది, చెట్టెక్కితే కత్తితో పాటు బట్టలు కూడా తగ్గుతాయి కాబోలు. పాపం ఊరికే కూర్చోలేదు, విలన్ తలుపు నంబర్ కొడుతుంటే అద్దంలో చూసి కంఠతా పట్టి బయటపడింది, నేను సోఫాలోంచి లేచి చప్పట్లు కూడా కొట్టాను, ఇంతలో ఎవరు పట్టుకున్నారంటే నత్తలు. అవునండీ, టెంటకిల్స్ ఉన్న నత్తలు. మళ్ళీ పంజరం. కొట్టేసిన యాక్సెస్ కార్డు మాత్రం కింద హీరోగారికి పడేసింది, తలుపు తీసే పని ఆయనది కదా.

"చూశావా అక్కా, ఎంత తెలివో!" అన్నాడు మావాడు.

తెలివే నాన్నా, కానీ 24వ ఎపిసోడ్లో విలన్ ఆమె మీద చెయ్యేస్తుంటే కెమెరా ఎవడి బాధ చూపించింది? కత్తితో నేలకి గుచ్చబడి ఉన్న హీరో బాధ! ఆమె బట్టలు చిరిగేది వాడికి కోపం రావడానికి, వాడికి పవర్ రావడానికి. ఆడదాని అవమానం అంటే మగాడి బండికి పెట్రోలా? ఆ సీన్ రాసి, గీసి, మ్యూజిక్ వేసినంతమందిలో ఒక్కడికీ సిగ్గనిపించలేదా?

అదే జపాన్లో హొక్కైడో డెయిరీ ఫాంలో పెరిగిన హిరోము అరకావా అనే ఆవిడ ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అనే కామిక్‌లో ఒలీవియర్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని రాసింది. మంచుకొండల్లో కోటకి కమాండర్, మెడ దాకా కోటు, చేతిలో కత్తి, చివరిదాకా కమాండరే.

దాని యానిమే మావాడికి పెట్టి చూపించా. పది నిమిషాలు చూసి "ఈమెకి యాటిట్యూడ్ ఎక్కువక్కా" అన్నాడు.